గొడుగు కాపలా

ఆదివారం పూట బుకిత్ మేరా హాకర్ సెంటర్లో, ఆ తిండి దుకాణాల హాల్లో, తినేవాళ్ళంటే గియోక్ లాన్‌కి ఒళ్ళుమంట. తిండి తెలిసినవాడెవడూ ఆదివారం రాడని ఆమె గట్టి నమ్మకం. వచ్చేదంతా ఫోన్లో చూసి వచ్చే మంద. ఏ లైను పొడుగ్గా ఉంటే ఆ లైన్లో నిలబడి, సగం దూరం జరిగాక ముందున్నవాడి వీపు తట్టి, ఇక్కడ ఏం అమ్ముతారండీ అని అడిగే రకం.

అలాంటి రోజున ఆమె రావడానికి కారణం ఒక్కటే. ఆమె రోజు శనివారం. నిన్న శుభ్రం చెయ్యడానికని సెంటర్ మొత్తం మూసేశారు. వారానికోసారి ఆ చేపల గంజి కడుపులో పడకపోతే ఆమెకి వారం గడిచినట్టుండదు. అందుకని ముక్కు మూసుకుని వచ్చింది.

శనివారం ఆమెది, ఆదివారం ఆమె అన్న కిమ్ స్వీది. కూర్చుని పంచుకున్నది కాదు. తండ్రి పెట్టిన క్వే తియావ్ దుకాణాన్ని కిమ్ స్వీ చాలా ఏళ్ళు నడిపాడు. వెడల్పాటి బియ్యపు పట్టీల్ని పంది కొవ్వులో, సముద్రపు గుల్లలతో, నల్ల సోయాతో, భగభగ మండే పెనం మీద వేయించే పని అది. భుజం పాడై ఇక పెనం ఎత్తలేని రోజు వచ్చాక దుకాణాన్ని శిష్యుడు కోక్ లియోంగ్ చేతిలో పెట్టాడు. చెల్లెలు ఉందిగా అని నలుగురూ అంటే, ఆడదాని భుజం ఆ పెనం మొయ్యలేదు అన్నాడు. అప్పటికి ఆమె బడి క్యాంటీన్లో తన నడుమంత గంగాళాలు ఎత్తి దించుతోంది. ఆ రోజు ఆగిన మాటలు పదేళ్ళు దాటినా మళ్ళీ కలవలేదు. ఒకరు వచ్చే రోజున రెండోవారు రావడం మానేశారు, అంతే.

క్యాంటీన్లో ఆమె పక్క పొయ్యి దగ్గర పనిచేసిన రోస్నా అప్పటికే ఓ మూల కూర్చుని మీ-రెబుస్ అనే పులుసు నూడుల్స్ తింటోంది. గియోక్ లాన్ గంజి గిన్నెతో వెళ్ళి ఎదురుగా కూలబడింది.

"ఆ బల్ల చూశావా? నాలుగు కుర్చీలూ ఒక్కడే పట్టేశాడు," అంది రోస్నా.

నడిమధ్య, ఫ్యాను కింద, అందరికీ కావలసిన చోట ఓ బల్ల ఖాళీగా ఉంది. దాని మీద అడ్డంగా ఒక నల్ల గొడుగు, పక్కన టిష్యూ ప్యాకెట్. జాగా పట్టుకున్నామని చెప్పడానికి అంతే కాపలా. చుట్టూ జనం పొగలు కక్కే ట్రేలు పట్టుకుని ప్రదక్షిణాలు చేస్తున్నారు. చంకలో పిల్లను ఎత్తుకున్న ఒకాయన ఆశగా దగ్గరికొచ్చి, ఖాళీయేనా అని పక్క బల్లవాళ్ళని అడిగాడు. వాళ్ళు గొడుగు వైపు చూసి గంభీరంగా తల అడ్డంగా ఊపారు. ఆయన గుడి గడప తొక్కబోయినవాడిలా ఉలిక్కిపడి వెనక్కి తగ్గాడు.

గియోక్ లాన్ పెదవి విరిచింది. కన్నతల్లి పిలిచినా పలకని జనం, కాగితం ప్యాకెట్‌కి మాత్రం దణ్ణం పెడతారు. అప్పుడు గొడుగు పిడి ఆమె కంట్లో పడింది. వెదురు పిడి, దానికి ఎర్ర ప్లాస్టిక్ తాడుతో మూడు ముళ్ళు. ఆ ముళ్ళు తండ్రి వేసే పద్ధతి. అన్న తప్ప ఈ ఊళ్ళో ఇంకెవడూ అలా వెయ్యడు.

"మా అన్నది," అంది.

"మరి మనిషేడీ?"

"ఉంటాడెక్కడో. గొడుగుని కూర్చోబెట్టి ఊరంతా నిలబడితే చూస్తుంటాడు. వాడికదో ఆనందం."

ఇంతలో కోక్ లియోంగ్ భార్య సియూ హార్ ఒక ప్లేటు పట్టుకుని వచ్చింది. బల్ల దగ్గరికి తెచ్చివ్వడం ఆ దుకాణంలో లేదు, ఒక్క కిమ్ స్వీకి తప్ప. అక్కడ ఎవరూ లేకపోవడం చూసి అటూ ఇటూ దిక్కులు చూసి, ప్లేటు గొడుగు పక్కన పెట్టి, వెనక జనం అరుస్తుంటే పరుగున వెళ్ళిపోయింది. క్వే తియావ్ నుంచి ఆవిరి లేస్తోంది.

గియోక్ లాన్ గంజి తాగుతూ ఓ కంట చూస్తూనే ఉంది. కిమ్ స్వీ రాలేదు. ఆమెకి విషయం అర్థమైనట్టే అనిపించింది. నన్ను చూశాడు. తన రోజున నేనొచ్చి కూర్చున్నానని కడుపు మండి ఏ స్తంభం చాటునో నక్కాడు. నేను లేచి వెళ్ళేదాకా బయటికి రాడు. సరే, నేనూ కదలను. గంజి చెంచాడు చెంచాడుగా తాగుతాను.

రోస్నా మెతక మనిషి. ఒక్కసారి వెళ్ళి చూడరాదా, పెద్దవాడు కదా అంది.

"నేను వెళ్ళను. కావాలంటే నా చెప్పుని పంపిస్తా."

ఓ కుర్రజంట వచ్చి బల్ల దగ్గర ఆగింది. కూర్చోవడానికి కాదు. అబ్బాయి వంగి ఆ ప్లేటుని రెండు వైపుల నుంచి ఫోటో తీసుకున్నాడు. అమ్మాయి గొడుగు ఫ్రేములోకి రాకుండా చూడమంది. తీసుకుని, తమకి కావలసింది దొరికిపోయినట్టు, వెళ్ళిపోయారు. గియోక్ లాన్ నవ్వలేదు. ఆమె చూపు ప్లేటు మీదే ఆగిపోయింది.

ఆవిరి ఎప్పుడో ఆగింది. పట్టీలు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి. ప్లేటు అంచున కారిన కొవ్వు తెల్లగా గడ్డకడుతోంది.

ఆమె చేతిలో చెంచా కూడా ఆగింది.

కిమ్ స్వీ దుకాణం నడిపే రోజుల్లో ఒక కంపెనీ మేనేజరు ఫోన్లో మాట్లాడుతూ ప్లేటు చల్లారబెట్టుకున్నాడు. కిమ్ స్వీ పెనం వదిలి వచ్చి, ఆ ప్లేటు ఎత్తి చెత్తలో వేసి, ఇంకెప్పుడూ రావద్దని పంపించేశాడు. అంతదాకా ఎందుకు, అన్నాచెల్లెళ్ళు విడిపోయిన ఆ రోజు సంగతే చాలు. ఒకరి పుట్టుక ఒకరు తిట్టుకుంటూ గొంతులు చించుకుంటుంటే కోక్ లియోంగ్ రెండు ప్లేట్లు తెచ్చి ముందు పెట్టాడు. ఇద్దరూ నోళ్ళు మూసుకున్నారు. కూర్చున్నారు. వేడి మీద తిన్నారు. ప్లేట్లు ఖాళీ అయ్యాక లేచి, ఆపిన మాట దగ్గర నుంచి మళ్ళీ తిట్టుకున్నారు.

చెల్లెలి మీద కోపంతో వాడు దాక్కోగలడు. ప్లేటు వదిలేసి మాత్రం దాక్కోడు. పట్టుకునే పోతాడు.

ఆమె లేచిన విసురుకి గంజి బల్ల మీద ఒలికింది.

కోక్ లియోంగ్ దుకాణం ముందు లైను మెట్ల దాకా ఉంది. ఆమె పక్కనుంచి వెళ్ళి గాజు అద్దం మీద కొట్టింది. పెనం మీంచి తల ఎత్తి ఆమెని చూసి అతను బిక్కచచ్చిపోయాడు. ఆమె ఆ దుకాణం ముందు నిలబడి పదేళ్ళయింది.

గురువుగారు పొద్దున్నే వచ్చారని, ఎవడో వీడియో పెట్టడం వల్ల ఇవాళ లైను రెట్టింపుందని, ముందుకి రమ్మంటే రాలేదని, లైన్లోనే నిలబడి చెప్పి వెళ్ళారని వివరించాడు.

"పొద్దున ఏమన్నా తిన్నాడా?"

"ఇక్కడికొచ్చే రోజు ఏమీ ముట్టరు కదా, లాన్ అక్కా. నాలుక పాడవుతుందంటారు."

"సూది?"

"అది ఇంట్లోనే వేసుకుని వస్తారు."

తండ్రికి చక్కెర జబ్బు. అన్నకీ అదే, తనకీ అదే. సూది వేసుకుని తినకుండా ఎండలో లైన్లో నిలబడితే రక్తంలో చక్కెర పడిపోయి ఏమవుతుందో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఓసారి బస్సులో ఆమెకే అయింది. నాలుక పాడవుతుందట. వీడి నాలుక మండ.

ఇక ఎక్కడన్నదే మిగిలింది. గొడుగు పెట్టాడు, టిష్యూ పెట్టాడు. చాప్‌స్టిక్స్ డబ్బా పెట్టలేదు. దుకాణం చాప్‌స్టిక్స్ వాడు నోట పెట్టడు. తనవి తెచ్చుకుంటాడు, తినేముందు కుళాయి కింద కడుక్కుంటాడు. ఆమె చేతులు కడుక్కునే తొట్ల వైపు పరుగెత్తింది. ఆ వయసులో ఆ బొద్దు మనిషి చేసే పరుగుకి ట్రేలవాళ్ళు విసుక్కుంటూ దారి ఇచ్చారు.

తొట్లకి అవతల, విరిగిన కుర్చీలు పేర్చిన స్తంభం పక్కన, కిమ్ స్వీ కూర్చుని ఉన్నాడు. గడ్డం గుండెకి ఆనింది. చొక్కా చెమటకి తడిసి ఒంటికి అతుక్కుంది. డబ్బా కాళ్ళ దగ్గర పడి ఉంది. అతని పక్కనే జనం వరసగా నిలబడి చేతులు కడుక్కుంటున్నారు. పక్క కుర్చీ మీద ఎవరో టిష్యూ ప్యాకెట్ కూడా పెట్టి పోయారు.

గియోక్ లాన్ అతని భుజం పట్టి కుదిపింది.

"ముసలాయన నిద్రపోతున్నాడు ఆంటీ, లేపకండి పాపం," అన్నాడు చేతులు దులుపుకుంటున్న ఒకాయన.

ఆమె అతని వైపు చూసిన చూపుకి అతను దులపడం ఆపాడు. ఆమె అన్న చెంప మీద ఒకటి వేసింది. పదేళ్ళుగా దాచుకున్నది కాబట్టి కాస్త గట్టిగానే తగిలింది. కళ్ళు సగం తెరుచుకున్నాయి. ఏదో గొణిగాడు, మాట కాదు. ఒళ్ళు మంచుముద్దలా ఉంది. ప్రాణం ఉంది. మింగగలడు. తీపి కావాలి, ఇప్పుడే కావాలి.

చెరుకురసం దుకాణం నాలుగడుగుల్లో ఉంది, కానీ దాని ముందు కూడా తోకలాంటి లైనే. ఆమె లైను పక్కనుంచి చెయ్యి చాపగానే, లైను ఆంటీ, లైను అని ఒకేసారి నాలుగు గొంతులు లేచాయి. ఆంటీ ఎందుకు ఒగరుస్తోందని ఒక్క గొంతూ అడగలేదు. వీళ్ళకి చెప్పుకుంటూ కూర్చుంటే అక్కడ వాడు చల్లబడిపోతాడు.

పక్క బల్ల మీద నిండు గ్లాసు చెరుకురసం ఉంది. ఎవరూ ముట్టలేదు. బల్ల పట్టుకోవడానికి కొని పెట్టి, తిండి తేవడానికి వెళ్ళారన్నమాట. ఈ ఊళ్ళో పుట్టినప్పటి నుంచి గియోక్ లాన్ ఇంకొకరి జాగా మీద పెట్టిన వస్తువు ముట్టలేదు. పర్సు పెట్టినా, తాళంచెవులు పెట్టినా ముట్టలేదు. ఎవరూ ముట్టరు.

ఆమె గ్లాసు ఎత్తుకుంది.

అప్పటిదాకా ఎవరి గొడవ వారిదిగా ఉన్న హాలంతా ఒక్కసారి తల తిప్పింది. మనిషి కూలిపోతే రాని కదలిక గ్లాసు కదిలితే వచ్చింది. గ్లాసు సొంతదారు, మెడలో ఆఫీసు కార్డు వేళ్ళాడుతున్న ఒకామె, ట్రేతో సహా వెంటపడింది.

"ఆంటీ, అది నాది. అక్కడ నేను జాగా పెట్టుకున్నా."

"నీ జాగా ఎక్కడికీ పోదు. మనిషి పోతున్నాడు. ఆంబులెన్స్‌కి చెయ్యి, నీ ఫోను నూడుల్స్ ఫోటోలకే కాదు."

ఆమె నోరు తెరిచింది గానీ ఫోను తియ్యలేదు. వెనకే వచ్చిన రోస్నా ఫోను చేసింది.

గియోక్ లాన్ అన్న తల తన పొట్టకి ఆనించుకుని గ్లాసు పెదవులకి పెట్టింది. మొదటి గుక్క గడ్డం మీదుగా కారింది. రెండోది గొంతు దిగింది. ఆమె తిడుతూనే ఉంది, నెమ్మదిగా, ఊపిరి సలపకుండా, మింగమని మధ్యమధ్యలో చెబుతూ. సగం గ్లాసు అయ్యేసరికి చుట్టూ మూగినవాళ్ళు ఇక చూడ్డానికేం లేదనుకుని తిండి మీదికి పోయారు. గ్లాసు అడుగంటేసరికి కిమ్ స్వీ కళ్ళు ఒక చోట నిలిచాయి. చెల్లెల్ని గుర్తుపట్టాడు. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇవాళ ఆదివారం," అన్నాడు.

"నేను రాకపోతే నీకు వచ్చే ఆదివారం ఉండేది కాదు. మింగు."

రోస్నా గొడుగు తేవడానికి వెళ్ళి మండిపోతూ తిరిగొచ్చింది. గొడుగు ఇలా ఎత్తిందో లేదో నలుగురు కూలబడ్డారట. అంతటితో ఆగక, ఆ ఎంగిలి ప్లేటు కూడా తీసేస్తారా ఆంటీ అన్నారట.

స్ట్రెచర్ వచ్చింది. కిమ్ స్వీ ఎక్కనన్నాడు. తనకేం కాలేదన్నాడు, కోక్ లియోంగ్ ఇంకో ప్లేటు వేస్తాడన్నాడు. ఆంబులెన్స్ కుర్రాడు మర్యాదగా బతిమాలుతుంటే గియోక్ లాన్ మధ్యలోకి వచ్చి, నోరు మూసుకుని ఎక్కు అంది. అతను నోరైతే మూసుకోలేదు గానీ ఎక్కాడు. స్ట్రెచర్ ఆంబులెన్స్‌లోకి చేరాక తనూ ఎక్కి, గొడుగూ, చాప్‌స్టిక్స్ డబ్బా అతని ఒళ్ళో పడేసి ఆమె వెనక్కి తిరగబోయింది. అతని చెయ్యి ఆమె చొక్కా చేతిని పట్టుకుని ఉంది.

"మీరు ఆయనకేమవుతారండీ?" అని అడిగాడు ఆంబులెన్స్ కుర్రాడు.

స్ట్రెచర్ మీంచి జవాబు వచ్చింది. "చెల్లెలు. మాట వినదు."

"చొక్కా నలుగుతోంది, వదులు," అంది ఆమె.

"వదిలితే దిగిపోతావు."

నిజానికి ఆమె దిగిపోదామనే అనుకుంది. ఆ చేతిని చూసింది. పెనం పట్టి పట్టి కాయలు కాచిన వేళ్ళు, ఇప్పుడు గుడ్డ ముక్కను కూడా గట్టిగా పట్టలేకపోతున్నాయి. ఒక్క గుంజు గుంజితే చాలు.

ఆమె లోపలి ఇరుకు బెంచీ మీద కూర్చుంది, అన్న కాళ్ళు పక్కకి తోసి.

"తలుపు వెయ్యి నాయనా. ఏసీ అంతా వీధిలోకి పోతోంది."