ఇప్పపువ్వు కాపలా

పువ్వు రాలే పదిహేను రోజులూ సోమ్లా, అతని భార్య జమ్లి అడవిలో ఇప్పచెట్టు కిందే గుడిసె వేసుకుని ఉంటారు. రెండువేల ఆరు ఎండాకాలంలో మాత్రం గుడిసెలోకి ఓ కొత్త వస్తువు వచ్చింది. తడి ఇసుక కుండలో జమ్లి ఇన్సులిన్ సీసా. బెల్లం ముక్కను సోమ్లా ఆ దరిదాపులకు రానివ్వలేదు. తీపి పువ్వు నోట్లో వేసుకుంటుందేమోనని పెళ్లానికి కూడా కాపలా కాశాడు.

ఆ పొద్దున సూది వేశాడు. రొట్టె కాల్చేలోపే పశువుల మంద వచ్చిపడింది. రాలిన పువ్వంతా వాటి పాలవుతుందని ఇద్దరూ గంపలతో పరుగెత్తారు. పొద్దు బారెడెక్కినా రొట్టె సంగతి ఎవరికీ గుర్తులేదు.

"ఓ కళ్యాణి బాపూ, చేతులు వణుకుతున్నయ్" అంది జమ్లి, కూతురి పేరుతో మొగుణ్ని పిలుస్తూ. ఒళ్లంతా చెమట. గంప జారింది.

సోమ్లాకు కోపం నెత్తికెక్కింది. "పువ్వు తిన్నవ్ గదనే?"

"తింటే నీ ముందట్నే తింట. ఫారెస్టు గార్డువా, నీకు భయపడనీకి?" మాట ముద్దగా వస్తోంది, ఎగతాళి మాత్రం తగ్గలేదు.

షుగర్ పెరిగిందనుకుని గుడిసెలోకి ఉరికి, మళ్లీ సూదిలోకి మందు లాగి తెచ్చాడు. ఆమె చెయ్యి పట్టుకుంటే చల్లగా జారిపోయింది. అప్పుడు మిషన్ దవాఖానా నర్సు ఇన్నమ్మ మాటలు గుర్తొచ్చాయి. తనలాంటివాడికి ఒకరు కూర్చోబెట్టి చెప్పింది జన్మలో అదొక్కసారే. అదీ సగమే విన్నాడు.

"కడుపుల పాంక్రియాస్ అని ఒక గ్రంథి ఉంటది సోమ్లా. తిన్నంక అది ఇన్సులిన్ ఇడుస్తది, నెత్తుర్ల చక్కెర కండల్లకు పోతది. కడుపు మాడితే గ్లూకగాన్ ఇడుస్తది, కార్జంల దాసిన చక్కెర బయటికొస్తది. నీ పెండ్లాంకు ఇన్సులిన్ సూదితోని ఎక్కిస్తున్నం. ఎక్కించి తిండి పెట్టకపోతే ఆ రెండోది ఎంత గుంజినా సాలదు. నీళ్ల దూప, మాటిమాటికి ఒంటేలైతే చక్కెర పెరిగినట్టు. చెమట, వణుకైతే పడిపోయినట్టు. అప్పుడు తీపి పెట్టాలె, సూది ముట్టొద్దు."

సగం విన్నవాడికి ఏది ఏదో నమ్మకమేది? తప్పితే మనిషి దక్కదు. అడుగుదామంటే అడవిలో ఎవరున్నారు?

"జమ్లీ, దూపైతుందా?"

"లేదు. ఆకలి."

సూది విసిరేశాడు. తీపి! బెల్లం లేకుండా చేసింది తానే. కాళ్ల దగ్గర తన గంప నిండా పువ్వు.

"నోరు తెరువ్."

"కొడతవా?"

"తెరువే!"

పువ్వు చిదిపి రసం కొంచెం కొంచెం నోట్లో పిండాడు. మింగింది. తర్వాత పువ్వులే నమిలింది. కాసేపటికి వణుకు తగ్గింది, కళ్లు నిలిచాయి. సోమ్లా గుడిసె ముందు పొయ్యి రాజేశాడు.

మంద మళ్లీ చెట్టు కిందికి వచ్చింది. "పశులు, పశులు!" అని లేవబోయింది జమ్లి.

"తిననీ తియ్యే" అంటూ అతను రొట్టె తిరగేశాడు.