ఫొటోలో ఎడమ చివరి చేతులు

సాంబారు గిన్నె బల్లమీద దించబోయి నళిని ఆగిపోయింది. గిన్నె పెట్టాల్సిన చోట ఆదివారం పేపరు పరిచి ఉంది. అందులోని ఫొటోలో, ఎడమ చివర, తన చేతులున్నాయి.

"ఈ పోలిష్ ఆడవాళ్ళ ఆర్టికల్ చదివారా భాస్కర్ గారూ?" అంటున్నాడు ఆమె భర్త దామోదర్. "వాళ్ళ దేశంలో మిలిటరీ పాలనట. కట్టుబట్టలతో వచ్చి, మన జెర్సీ సిటీలో కోట్లు కుట్టే ఫ్యాక్టరీలో చేరారు. రెండేళ్ళలో వీధి రూపే మార్చేశారట. రొట్టెల కొట్టు వాళ్ళదే, చర్చిలో పాటలు వాళ్ళవే. ఎంత పని చెప్పినా కిక్కురుమనరట. హార్డ్‌వర్కింగ్ పీపుల్!"

తెలుగు సంఘం సెక్రటరీ భాస్కర్ గారు తలూపి ఇంకో వడ వేసుకున్నారు.

నళినికి ఒళ్ళు మండింది. కిక్కురుమనకపోవడమా! ఫ్యాక్టరీలో తన పక్క కుట్టుమిషను దగ్గర కూర్చునే దనూతా పొద్దున ఎనిమిదింటికి మొదలుపెడితే మోకాళ్ళ నొప్పులనీ, మొద్దు సూదులనీ, కిటికీ తెరవనివ్వని మేనేజర్నీ సాయంత్రందాకా దులుపుతూనే ఉంటుంది. విలేకరి వచ్చినరోజు "మా ఊళ్ళో నేను కెమిస్ట్రీ టీచర్ని, అది రాయి" అని రెండుసార్లు చెప్పింది. అతను బుద్ధిగా తలూపి, వాళ్ళ వంటకం క్యాబేజీ చుట్టలు ఎలా చేస్తారని అడిగాడు. పేపర్లో చివరికి క్యాబేజీయే మిగిలింది. మెచ్చి మేకతోలు కప్పడమంటే ఇదే కాబోలు.

అతన్ని అనడమెందుకు, తనేం చేసింది? కెమెరా ఎత్తగానే మొహం తిప్పేసుకుంది, పేరడిగితే నేల చూసింది. ముందురోజే దామోదర్ గట్టిగా చెప్పి పెట్టాడు. "ఫొటోలో పడకు. పేరు చెప్పకు. సంఘంలో అందరికీ నువ్వు లైబ్రరీలో చేస్తున్నావని చెప్పాను." అతని ఉద్యోగం పోయి పదినెలలు ఇంట్లో కూర్చున్నప్పుడు పుట్టిన అబద్ధం అది. అప్పుడు ఇల్లు గడిచింది ఆమె కుట్టిన కాలర్లతోనే. అతనికి మళ్ళీ ఉద్యోగమొచ్చినా అబద్ధం మాత్రం అలాగే ఉండిపోయింది. "అమెరికా వెళ్ళి కుట్టుపనా? ఎవరితోనూ అనకే తల్లీ" అని తెనాలినుంచి అత్తగారు సీతమ్మ ఉత్తరం కూడా రాసింది. మొహం పోగా ఆ చేతులే మిగిలాయి. నాలుగు జతల చేతుల కింద పేపరువాళ్ళు వేసిన మాట: పోలండు చేతులు.

దనూతా వాళ్ళకి పుట్టినరోజు కన్నా పేరు పండగ ముఖ్యం. వాళ్ళ క్యాలెండర్లో ప్రతి పేరుకీ ఓ తారీకుంటుంది. ఆ రోజు మిషన్లు ఆపి, కేకు కోసి, పాట పాడి ఆ పేరుగలామెని కుర్చీలో కూర్చోబెడతారు. నళిని పేరు కోసం దనూతా పన్నెండు నెలలూ వెతికింది. "లేదు. పోనీ, నువ్వే ఒక తారీకు చెప్పు" అంది. ఏడాదైనా నళిని చెప్పలేదు. ఇంట్లోవాళ్ళే దాచుకోమన్న పేరుకి పండగేమిటి అనుకుంది.

"అదేమిటండీ, ఈ చివరి చేతులకి మట్టిగాజులున్నాయి?" భాస్కర్ గారు కళ్ళజోడు సర్దుకున్నారు.

దామోదర్ వంగి చూశాడు. పోయినేడు బెజవాడలో తనే బేరమాడి తెచ్చిన గాజులవి. గుర్తుపట్టాడు. ఆ సంగతి అతని మెడ ఎర్రబడటంలోనే తెలిసిపోయింది. అయినా నవ్వేశాడు. "వాళ్ళ ఆచారమేమోలెండి."

నళిని అతనికేసి చూసింది. ఇన్నాళ్ళూ పరువుకోసం దాస్తున్నాడనుకుంది. తను పక్కన నిలబడి ఉండగానే, తన చేతుల్ని ఊరూపేరూ లేని చేతులు చేసేశాడు.

ఆమె గిన్నె పక్కన పెట్టి, రెండు చేతులూ ఫొటో పక్కన ఆనించింది.

"ఆచారం కాదు అన్నయ్యగారూ. ఇవి బెజవాడ గాజులు, ఈయన కొన్నవే. నేను లైబ్రరీలో చెయ్యట్లేదు. మూడేళ్ళనుంచి కోట్లకి కాలర్లు కుడుతున్నాను."

వడ పట్టుకున్న భాస్కర్ గారి చెయ్యి నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

"నళినీ, సాంబారు చల్లారిపోతోంది" అన్నాడు దామోదర్, పళ్ళ బిగువున.

"వేడి చేసుకోండి."

వంటింట్లోకి వెళ్ళింది. భయమేసింది, అయినా మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు. రేపు పేపరాఫీసుకి ఫోన్ చెయ్యాలి. ఆ చేతుల్లో ఒక జత కెమిస్ట్రీ టీచరు చేతులనీ, ఇంకో జత పోలండువి కావనీ చెప్పాలి. ఫ్రిజ్ మీద క్యాలెండరు తీసి, ఆవేళ్టి తారీకు అక్టోబరు తొమ్మిది చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, అందులో తన పేరు రాసుకుంది.