ఐసు చెమర్చేదాకా

పొద్దున్నుంచి మోతీకి కుడికన్ను అదురుతూనే ఉంది. ల్యాబు ముందు వరండాలో తడిగుడ్డ వేస్తుండగా లోపలి నుంచి వెంకటకృష్ణ సారు గొంతు వినిపించింది. "ఆ ఊడ్చే ఆమెను ఒకసారి రమ్మనండి." అయిపోయింది, అనుకుంది మోతీ. ఏమైపోయిందో మాత్రం తెలియదు.

సారు ట్యూబులైటుకు ఎదురుగా ఒక ఫిల్ము పట్టుకుని నిలబడ్డాడు. దాని మీద నల్లటి గీత రావాలి. రాలేదు. పక్కన తెల్లకోటులో, ఆ ల్యాబులోనే పనిచేసే మోతీ కూతురు కళ్యాణి, పాలిపోయిన ముఖంతో.

"శనివారం మందు పెట్టె విప్పింది నువ్వేనా అమ్మా?"

"అవ్ సారూ, నేనే. మొన్న మీకు నేనే చెప్పిన గద."

గొప్పగా చెప్పింది కూడా. ఆ శనివారం మధ్యాహ్నం అందరూ అన్నానికి వెళ్లినప్పుడు కొరియరతను వచ్చాడు. వాచ్‌మన్ లచ్చయ్య థర్మాకోలు పెట్టె తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. మూత తీస్తే రాయిలా గడ్డకట్టిన ఐసు ప్యాకులు, నడుమ చిటికెన వేలంత సీసా. మోతీ గబగబా సీసాను తీసి టేబుల్ మీద పెట్టింది. ములకలపల్లి అడవి ఊళ్లలో పదకొండేళ్లు నర్సమ్మ వెంట టీకాల పెట్టె మోసిన మనిషి ఆమె. గడ్డ ప్యాకు తగిలితే టీకా చచ్చిపోతుంది. ప్యాకును బయట పెట్టి, చెమర్చాక, చెవి దగ్గర ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినబడాలి, అప్పుడే పెట్టెలో పెట్టాలి. నర్సమ్మ నేర్పిన పాఠం. అలాగే చేసింది. ఇరవై నిమిషాలకు కళ్యాణి వచ్చి, తండాలో అమ్మను పిలిచినట్టే "యాడీ, ఇది టీకా కాదే! దీన్ని గడ్డ ఫ్రీజర్లనే పెట్టాలె" అని నవ్వి, సీసాను లోపల పెట్టేసింది. "గింతసేపటికి ఏం కాదులే" అంది.

అదేం మందో కళ్యాణి ఒకసారి విడమరిచి చెప్పింది. మబ్బు పట్టిన పొద్దున చెరువులో చేపలు గాలాడక పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి కదా, ఒంట్లోని కణాలకూ గాలి తగ్గితే అట్లాంటి గుర్తొకటి పుడుతుందట. ఆ గుర్తును పట్టి, ఫిల్ము మీద నల్లగీతగా చూపించేది ఈ యాంటీబాడీ. మళ్లీ గాలి తగిలిందా, ఐదు నిమిషాల్లో గుర్తు మాయం.

"యాభై ఎనిమిది వేల సీసా" అన్నాడు సారు. "ఎండన పెట్టి ఉడకబెట్టావు."

"ఎండకు గాదు సారూ, టేబుల్ మీద..."

"సార్" అంది కళ్యాణి. "పాత సీసాల మిగిలినదాంతోటి గూడ చూసిన. అది గూడ ఖాళీనే వచ్చింది. మందు ఖరాబు గాలె. నిన్న ల్యాబు చూడొచ్చిన పెద్దలకు చూపిద్దామని మీరు కణాలకు గాలి తగ్గించే పెట్టె తలుపు..."

"ఆ సంగతి నేను అడగలేదు."

నిన్న మోతీ అక్కడే ఉంది. పెద్దలు ఫోటోలు దిగుతుంటే సారు ఆ పెట్టెలోంచి తీసిన కణాల ప్లేట్లు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. కళ్యాణి "సార్, గాలి" అని రెండుసార్లు అంది. రెండుసార్లూ ఆయన చేత్తోనే ఆగమన్నాడు.

సారు కాగితం ముందుకు జరిపాడు. టైపు కొట్టి సిద్ధంగా ఉంది. "పొరపాటున పాడుచేశానని రాశాం. సంతకం పెట్టు. కాంట్రాక్టరుకు చెప్పి ఇంకెక్కడైనా వేయిస్తాలే. కళ్యాణీ, నీ ఉద్యోగం రెన్యువల్ కాగితం కూడా నా దగ్గరే ఉంది, మర్చిపోకు."

మోతీ కళ్ల ముందు పోలీసులు మెదిలారు. ఖానాపురం హవేలిలో తాముండే కిరాయి గది ముందు జీపు. కోటు విప్పేసి తండాకు తిరిగొచ్చి పత్తి ఏరుతున్న కూతురు. తనది తొమ్మిది వేల రెండొందల కొలువు. పిల్లది పదహారు వేలు, ఆపైన పెద్ద చదువు. ఇందులో ఆలోచించడానికేముంది? ఏడో తరగతి దాకా నేర్చిన అక్షరాలు ఇందుకైనా పనికొస్తాయి. పెన్ను అందుకుంది.

కళ్యాణి ఆమె మణికట్టు పట్టుకుంది.

"పెట్టకు యాడీ."

"ఇడువ్ బిడ్డా. చీపురు యాడనైన దొరుకుద్ది. నీ బతుకు..."

"నువ్వు జేయని తప్పుకు నువ్వు పెట్టొద్దు."

"ఓయమ్మా, జల్దీ ఇడువ్! సారు సూస్తుండు!"

కళ్యాణి వదల్లేదు. రెండో చేత్తో కాగితాన్ని తిప్పి, కోటు జేబులోని పెన్ను తీసి, ఖాళీగా ఉన్న వెనక వైపున రాయసాగింది: నిన్న పదకొండు పదికి సారు పెట్టె తలుపు తీశారు, పదకొండు ఇరవై అయిదుకు మూశారు. కింద తన పేరు.

మోతీ సారు వైపు తిరిగింది. "సారూ, మీ కాళ్లు మొక్కుత. పిల్ల సారూ. తెల్వక రాసింది."

"తెల్వక గాదు సార్" అంది కళ్యాణి. "తెలిసే రాసిన."

సారు సొరుగు లాగి, రెన్యువల్ కవరు తీసి, దాని మీద కళ్యాణి పేరును కాసేపు చూశాడు. తరువాత ఫోను అందుకుని, కాంట్రాక్టరుకో పోలీసులకో, నంబరు నొక్కాడు. అవతల మోగుతున్నంతసేపూ మోతీ ఆయన కాళ్ల మీద పడడానికి వంగుతూనే ఉంది. కూతురు ఆమె మణికట్టు వదిలితే కదా.