హిల్కా తొక్కిన దారి

ఉదయం తొమ్మిదిన్నరకు హిల్కా ఒక బస్టాపుకు తుప్పు పట్టిస్తూ ఉంది. కంప్యూటరు తెర మీద ఆ బస్టాపు తోమిన గిన్నెలా మెరిసిపోతోంది. మంచు కరగడానికి చల్లిన ఉప్పునీరు నిలిచే చోట, దాని కాళ్ల మొదట్లో, గోధుమరంగు మరక ఒకటి పెట్టింది. కళ్లజోడు నుదుటి మీదికి తోసి, వెనక్కి వాలి చూసింది. కుక్కలు కాలెత్తే వైపు ఇంకాస్త పెట్టింది. ఇప్పుడు బాగుంది. ఇప్పుడైతే ఎవరైనా అక్కడ నిలబడి, రాని బస్సును తిట్టుకుంటారు.

హిల్కా పొట్టి మనిషి. భుజాలు వెడల్పు. ఎడమ భుజం మాత్రం కుడిదానికంటే రెండంగుళాలు కిందికి ఉంటుంది. ముప్పై ఒక్క ఏళ్లు తపాలా సంచి మోసిన భుజం మరి. టాంపెరే ఊరికి దక్షిణాన హెర్వాంటా అని ఒక పేట ఉంది, అన్నీ కాంక్రీటు మేడలే. ఆ పేటలో ఏ తలుపుకున్న ఉత్తరాల రేకు వేళ్లు కొరుకుతుందో, ఎవరి మెట్ల కింద చక్రం లేని సైకిలు ఎన్నేళ్లు పడి ఉందో, ఏ ఇంటావిడ ఉత్తరం రాకపోయినా తలుపు తీసి చూస్తుందో, అన్నీ ఆమెకు తెలుసు. రాసుకున్నది లేదు. కాళ్లకు తెలుసంతే. మోకాళ్లు మొరాయించాక, ఉత్తరాలు రాసేవాళ్లే కరువయ్యాక, సంచి అప్పగించి ఇంటికి వచ్చేసింది.

ఈ పని ఎలా దొరికిందంటే, పై అంతస్తులో ఓస్కు అని ఒకతను ఉంటాడు. తాడిచెట్టంత పొడుగు, పడవలంత పాదాలు. ఒకరోజు లిఫ్టు చెడిపోతే ఇద్దరూ మెట్ల మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంటూ ఉండగా, తాము తయారుచేస్తున్న ఆటను అతను చూపించాడు. ఆడేవాళ్లు అందులో సొంతంగా ఊరు కట్టుకోవచ్చు. రోడ్లు, మేడలు, ట్రాములు, అన్నీ ఉంటాయి. హిల్కా చాలాసేపు చూసింది.

"ఇందులో ఎవరుంటారు?" అంది.

"రెండు లక్షల మంది."

"ఒక్కరూ లేరు. చెత్తడబ్బాలేవి? మెట్ల అంచులు అరగలేదేం? అన్ని కిటికీలకీ ఒకే రంగు తెరలా? ఎక్కడైనా చూశావా?"

మూడోనాడు ఓస్కు వచ్చి, పనిలోకి రమ్మని ఆమె తలుపు కొట్టాడు. అది జరిగి ఆరేళ్లు.

చెల్లెలు రైలీ ఇప్పటికీ ఫోను చేసి అడుగుతూనే ఉంటుంది. "ఇంతకీ అక్కడ ఏం చేస్తావే?"

"ఊళ్లు పాడుచేస్తాను."

"దానికో మనిషి కావాలా? వాటంతటవే పాడవుతాయిగా."

"కంప్యూటర్లో పాడవవు. ఎవరో ఒకరు కూచుని చెయ్యాలి."

అలా కూర్చుని చేసింది. జారకుండా చల్లితే మంచు పోయాక రోడ్ల మీద మిగిలే గులకఇసుక పోసింది. బాల్కనీల్లో ఎండిన క్రిస్మస్ చెట్లు వదిలింది. తలుపులకు చేతులు తగిలే చోట రంగు పోగొట్టింది. పద్నాలుగో నంబరు మేడ వెనక గడ్డిలో ఒక సన్నటి మట్టిదారి గీసింది.

ఆ దారి సంగతి ఎవరికీ చెప్పలేదు. అది ఆమె దారి. హెర్వాంటాలో పద్నాలుగు నుంచి పదహారుకు వెళ్లాలంటే రాళ్లు పరిచిన బాట చుట్టూ తిరిగి మూడు వందల అడుగులు వెయ్యాలి. గడ్డిలోంచి అయితే నూట నలభై. మొదటి ఏడు ఆమె ఒక్కతే నడిచింది. రెండో ఏడు పాల కోసం వెళ్లే ముసలాయన కలిశాడు. ఆ తర్వాత కుక్కలు, పిల్లల బళ్లు, సైకిళ్లు. ఐదేళ్లకు గడ్డి ఓడిపోయింది. నరికేసిన బర్చి చెట్టు మొద్దు దగ్గర దారి చిన్న వంపు తిరిగేది, సంచి తగలకుండా తను పక్కకు జరిగేది కాబట్టి. రెండేళ్ల కింద అక్కడ కార్లు నిలిపే కట్టడం లేచింది. మొద్దూ లేదు, వంపూ లేదు. ఇప్పుడా దారి ఉన్నదల్లా ఈ ఆటలోనే.

ఈ రోజు హిల్కా ఉద్యోగానికి ఆఖరి రోజు. మధ్యాహ్నం మూడింటికి ఆటలోని ఊరికి తాళం వేస్తారు. ఆపైన ఆటలో గడ్డిపరక కూడా ఎవరూ కదపకూడదు. అప్పటికి లోపాల చిట్టా ఖాళీ కావాలి. పొద్దున అందులో రెండే మిగిలాయి. రెండూ రాసింది తియాగో. ఆటను ఆడి చూసి తప్పులు పట్టడం అతని పని. పోర్చుగల్ నుంచి వచ్చి ఇంకా ఏడాది నిండలేదు.

"పోస్టత్తా, ఇలా రా," అని ఓస్కు పిలిచాడు. నవ్వు ఆపుకుంటున్నాడు. "ఇసుకగుంట పక్కన కర్ర మీద మనిషి చెయ్యి గుచ్చి ఉందట. ఎర్రగా, రక్తంతో. పిల్లలు భయపడతారట."

తెర మీదికి వంగి చూసిన హిల్కా కాసేపటికి, "తియాగో, అది చెయ్యి కాదు నాయనా, ఉన్ని తొడుగు," అంది. "ఎవరిదో దారిలో పడిపోతుంది. దొరికినవాళ్లు దగ్గర్లో ఉన్న గుంజకి తొడిగి పోతారు. వెతుక్కుంటూ వచ్చినవాళ్లకి కనపడాలిగా."

"ఎవరూ తీసుకుపోరా?"

"ఒక్క తొడుగుతో ఏం చేసుకుంటారు?"

"రెండో లోపం సంగతేంటి మరి?" అన్నాడు తియాగో, ముఖం ఎర్రబడినా పట్టు వదలకుండా. "పద్నాలుగు వెనక మనుషులు బాట వదిలేసి గడ్డి తొక్కుతున్నారు."

ఓస్కు నవ్వు ఆగింది. "అది నిజమే. ఆడేవాళ్లు చూస్తే మనవాళ్లకి బాట వెయ్యడం రాదనుకుంటారు. పక్కనే రాళ్లు పరిచాం కదా."

"పరిచారు," అంది హిల్కా.

"మట్టి చెరిపేసి కంచె వేసేస్తాను. చిట్టా ఖాళీ అయిపోతుంది."

పుట్టి బుద్ధెరిగాక పై అధికారులను హిల్కా అడిగింది ఒక్కటే, అదీ చిల్లుపడిన బూట్లు మార్చమని. తన కుర్చీకి తిరిగి వెళ్లి, తుప్పు పట్టిన బస్టాపుకు మళ్లీ తుప్పు పట్టించింది. పక్క తెర మీద ఓస్కు ముందు కంచె పాతుతున్నాడు, ఒక్కో గుంజా. బర్చిమొద్దు దాకా వచ్చాడు. ఇక మట్టి చెరపడమే మిగిలింది. అంతలో భోజనాల వేళయింది.

గురువారం కదా, అక్కడి ఆనవాయితీ ప్రకారం బఠాణీ చారు, ఆపైన జామ్‌తో అట్టు. అందరూ ఆఫీసులో తిరిగే ఉన్నిమేజోళ్లు విప్పి బూట్లు వేసుకుని, ఆఫీసు ఉన్న పాత నూలుమిల్లు ఆవరణ దాటి అవతలి భోజనశాలకు వెళ్లారు. ఆ ఏటి మొదటి మంచు తెల్లవారకముందే పడింది. హిల్కా చారులో ఆవపిండి కలుపుకుంది గానీ, ఏం తిన్నదో ఆమెకు తెలియదు. ఆ దారిని ఒకసారి నిజం ఊళ్లో పోగొట్టుకుంది. అప్పుడు ఒక్కతే వెళ్లి, కాంక్రీటు పోస్తుంటే కాసేపు చూసి వచ్చేసింది. రెండోసారి కూడా చూడాలా?

తిరిగి వచ్చేటప్పుడు మోకాళ్ల మూలాన అందరికంటే వెనకబడింది. అందుకే చూడగలిగింది. మెట్లెక్కి, మూడో అంతస్తు చేరి, ఊపిరి సర్దుకున్నాక పిలిచింది.

"ఓస్కూ, కిటికీ దగ్గరికి రా."

వచ్చాడు. కింద ఆవరణలో, గుండ్రటి పూలమడి చుట్టూ ఇటుకల బాట ఉంది. దాని మీద మంచు పరిచిన దుప్పటిలా అలాగే ఉంది, ఒక్క అడుగు లేదు. మడి మధ్యలోంచి, గులాబీ మొదళ్ల పక్కగా, అడుగుజాడలు నేరుగా కాలువ తీసినట్టు ఉన్నాయి. వాటి మధ్య, అన్నింటికంటే పెద్దగా, పడవలంత జాడలు రెండు వరుసలు, ఒకటి పోయినవి, ఒకటి వచ్చినవి.

"ఇటుకలు పరిచారు కదా," అంది హిల్కా.

ఓస్కు మెడ గోక్కున్నాడు. తియాగో కూడా వచ్చి చూశాడు. "నావి కూడా ఉన్నాయి," అన్నాడు మెల్లగా.

"మనుషులున్న ఊరు కాబట్టే దారి పడింది," అంది హిల్కా. "లేకపోతే ఎవరు తొక్కుతారు?"

ఓస్కు వెళ్లి కూర్చుని గుంజలు పీకడం మొదలుపెట్టాడు, ఒక్కోటీ. చివరిదాని దగ్గర చెయ్యి ఆపి, "ఆ వంపు ఎందుకు?" అని అడిగాడు. "నేరుగా పోవచ్చు కదా?"

"సంచి తగులుతుంది."

అతను ఆమె ఎడమ భుజం వైపు చూశాడు.

"ఈ ఒక్క గుంజ ఉంచనా, పీకనా?"

"ఉంచు," అంది హిల్కా. ఇసుకగుంట దగ్గరి ఎర్ర తొడుగును తెచ్చి దానికి తొడిగింది, బొటనవేలు పైకి ఉండేలా. తియాగో తన రెండో లోపం ఎదురుగా 'లోపం కాదు' అని రాశాడు. చిట్టా ఖాళీ అయింది. మూడింటికి తాళం పడింది.

కేకు కోశారు. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు, అందుకు హిల్కా లోలోపల దండం పెట్టుకుంది. ఓస్కు ఆమె చెయ్యి పట్టుకుని ఒకసారి ఊపి, "సరే, పోస్టత్తా," అన్నాడు. "సరే మరి," అంది ఆమె. ఉన్నిమేజోళ్లు చేతిసంచిలో పెట్టుకుంది. కోటు వేసుకుని, మెట్లు ఒక్కొక్కటిగా దిగింది. ఆవరణలో ఇటుకల బాట మొదట్లో ఒక్క క్షణం ఆగి, పూలమడిలోంచే నడిచింది. మళ్లీ సన్నగా మంచు మొదలైంది. భుజం మీద ఏ బరువూ లేదు. పొద్దుటి నుంచీ లేని గాలి గుండెల నిండా ఆడింది.

ట్రాములో కూర్చుని జేబులో చెయ్యి పెడితే ఎర్ర తొడుగు ఒక్కటే తగిలింది. ఆటలోని తొడుగుకు నమూనాగా చూపించినవి ఇవే, తను అల్లుకున్నవి. రెండో జేబు చూసింది. లేదు. మామూలుగా అయితే తర్వాతి స్టాపులో దిగిపోయేది. ఇప్పుడు కిటికీకి తల ఆనించింది. "ఎవరో ఒకరు పెడతారులే," అనుకుని, హెర్వాంటా వచ్చేదాకా కళ్లు మూసుకుంది.

తియాగోకి అది పూలమడి మధ్యలో, అడుగుజాడల్లో దొరికింది. మంచు దులిపి, అటూ ఇటూ చూసి, గేటు పక్క గుంజకి తొడిగి వెళ్లాడు. చీకటి పడేసరికి ఇటుకల బాటా, జాడలూ అన్నీ మంచు కింద ఒకటైపోయాయి. గుంజ మీద ఎర్ర తొడుగు, బొటనవేలు పైకెత్తి, ఆ తెల్లదనంలో అలాగే ఉంది.