మీటల చప్పుడు

"కొత్తది నేను తీసుకుంటాలే. నాది నీకిచ్చేస్తా. ఇంకా బంగారంలా ఉంది," అన్నాడు భర్త, చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ.

ఆమె బల్ల తుడుస్తోంది. తడిగుడ్డ ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. ఆ మాటలో తప్పు పట్టుకుందామన్నా దొరకదు, అంత ప్రేమగా అన్నాడు. కొనబోయేది ఆమె లాప్‌టాప్. కొనేది ఆమె జీతంతో. పాతది ఇవాళో రేపో అన్నట్టుందని ఎన్నాళ్ళుగానో మొత్తుకుంటున్నదీ ఆమే. అయినా ఆ కొత్తది గడప తొక్కకముందే అతని గదిలోకి వెళ్ళి కూర్చుంది.

ఆ ఇంట్లో వస్తువులకు ఒక దారి ఉంది. ఎవరూ పెట్టిన నియమం కాదు, నీళ్ళు పల్లానికి పారినట్టు దానంతటదే ఏర్పడింది. కొత్త ఫోను అతనికొస్తుంది, అతనిది కూతురికి, కూతురిది గాజు పగిలాక ఆమెకి. కొత్త కుర్చీ అతని గదిలోకి, అతని కుర్చీ ఒక చెయ్యి ఊడిపోయాక ఆమె దగ్గరికి. ఆమె తర్వాత ఇంకెవరూ లేరు. ఏ వస్తువైనా ఆమె చేతుల్లోనే కన్నుమూయాలి. "మా కోడలికి ఏదిచ్చినా సర్దుకుపోతుంది," అని అత్తగారు నలుగురిలో మెచ్చుకుంటారు. ఆ మెప్పు విని ఆమె చాలాకాలం మురిసిపోయింది కూడా.

ఆమె పని శబ్దాలు రాయడం. చెవులు వినపడనివాళ్ళు సినిమాలూ పాఠాలూ చూసేటప్పుడు తెర కింద అక్షరాలు కనిపిస్తాయే, అవి రాస్తుంది. మాటలే కాదు, చప్పుళ్ళు కూడా. 'తలుపు కిర్రుమంది.' 'పై అంతస్తులో ఎవరో నడుస్తున్నారు.' 'ఏడుపు ఆపుకుంటున్న గొంతు.' చిన్నప్పుడు మెట్ల మీద అడుగుల్ని బట్టి వచ్చేదెవరో చెప్పేస్తుంటే నాన్న ఆమెకు చెవులపిల్లి అని పేరు పెట్టాడు. ఇప్పుడు ఆ చెవులే ఆమెకు అన్నం పెడుతున్నాయి. భర్త మాత్రం ఎవరడిగినా, "ఇంట్లోనే కూర్చుని ఏదో టైపింగ్ చేస్తుంది," అంటాడు. అందులోనూ అబద్ధం లేదు మరి.

ఆమె కూర్చునేది భోజనాల బల్ల చివర. ఎవరైనా వస్తున్నారంటే చాలు, "అమ్మాయ్, ఆ పెట్టె తీసెయ్, మనుషులొస్తున్నారు," అని అత్తగారి కేక. సినిమాలో ఎవరో చావుబతుకుల్లో ఉంటారు. వాళ్ళని అలాగే వదిలేసి, పెట్టె మూసి, గ్లాసులు తీయాలి. ఆ పెట్టె ఒకప్పుడు అతనిది. దాని ఫ్యాను పిండిమరలా రొద చేస్తుంది, ఆ రొదలో ఆమె ఊపిరి చప్పుళ్ళు వెతుక్కోవాలి. మాటల మధ్య ఖాళీ ఇచ్చే మీట కుడివైపు అతని బొటనవేలు తగిలి తగిలి నున్నగా అరిగింది. ఆమె నొక్కేది ఎడమవైపు, అది సగంలో ఇరుక్కుంటుంది, మాటలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. పైగా కుడిపక్కన అంకెల మీటల దండు. అతను భవనాల పనికి అంచనాలు కట్టే మనిషి, ఆ అంకెల మీద అతని వేళ్ళు చూడకుండానే పరిగెడతాయి. "అంకెల మీటలు లేని లాప్‌టాప్ తోక లేని గాలిపటం," అంటాడు. ఆ దండు వల్ల అక్షరాలన్నీ ఎడమకు జరిగాయి, వాటితోపాటు ఆమె కూడా. ఏళ్ళ తరబడి పక్కకు తిరిగి కూర్చుని కూర్చుని ఆమె భుజం ఇప్పుడు రోజూ నొప్పి పెడుతోంది.

వారం కిందట ఒక మధ్యాహ్నం కూతురి చెప్పు కుట్టించుకుని వస్తుంటే వాన పట్టుకుంది. తల దాచుకోవడానికి పక్కనున్న దుకాణంలోకి దూరింది. అద్దాల అవతల వీధంతా కరిగి జారుతోంది. లోపల చల్లగా, దాదాపు ఎవరూ లేకుండా, పొడుగాటి బల్లల మీద లాప్‌టాప్‌లు వరసగా మూతలు తెరుచుకుని ఉన్నాయి. ఆ చివర ఒక చిన్నది మాత్రం మూసి ఉంది. బూడిదలో కాస్త ఆకుపచ్చ కలిపిన రంగు. వాన వెలిశాక పాత గోడకు ఉంటుంది చూడండి, ఆ రంగు. ఒక్క వేలితో ఎత్తితే మూత గమ్మున లేచింది. తడి చేతిని చీర కుచ్చిళ్ళకు తుడుచుకుని ఏవో నాలుగు మాటలు కొట్టింది.

ఆ చప్పుడు!

ఆమె కళ్ళు వాటంతటవే మూసుకుపోయాయి. టకటక కాదు, టిక్కుటిక్కు కాదు. మెత్తగా ఉంది, కానీ మొహమాటం లేదు. ఎన్ని చప్పుళ్ళకు పేర్లు పెట్టిందో, దీనికి మాత్రం మాట తట్టలేదు. వాన ఎప్పుడు ఆగిందో కూడా ఆ చెవులకు తెలియలేదంటే చూడండి.

ఆ వారమంతా ఆమె సగం ఇంట్లోనూ సగం ఎక్కడో ఉంది. అంట్లు తోముతూ ఆ చప్పుడుకు మాట వెతికేది. నానబెట్టిన గింజలు గుడ్డ మీద రాలినట్టా? కాదు. పసిపిల్ల నిద్రలో వేళ్ళు కదిపినట్టా? అదీ కాదు. బట్టలు మడతపెడుతూ దుప్పటి మీద వేళ్ళు ఆడించేది. ఆ ఆకుపచ్చ మూత తెరుచుకున్నప్పుడల్లా లోపల ఒక గది ఉన్నట్టూ, దానికి కిటికీ ఉన్నట్టూ, "పెట్టె తీసెయ్" అనేవాళ్ళెవరూ ఆ గదిలోకి రానట్టూ తోచేది. ఒక వస్తువు మీద ఇంత ఇష్టమా అని సిగ్గేసేది. ఆ సిగ్గు కూడా తీయగానే ఉంది.

ఉండబట్టలేక భర్తకు చెప్పింది. "రంగు బాగుందా? రంగు చూసి కర్టెన్లు కొంటారోయ్," అన్నాడు. "మీటల చప్పుడు కూడా..." అనేసరికి పడీపడీ నవ్వాడు. "చెవులతో లాప్‌టాప్ కొనేవాళ్ళని నిన్నే చూశాను!" కూతురూ నవ్వింది. చివరికి ఆమె కూడా నవ్వేసింది. అదే ఆమెకు నచ్చలేదు. అప్పటినుంచి కారణాలు పోగుచేసుకోవడం మొదలుపెట్టింది. బరువు తక్కువ, బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, ఫ్యాను రొద లేదు. అన్నీ నిజమే. కానీ ఒకటి గమనించింది. ఈ ఇంట్లో అతను "నచ్చింది" అంటే అదే కారణం. ఆమె "నచ్చింది" అంటే అది ముచ్చట.

ఆదివారం కూతురితో కలిసి ముగ్గురూ దుకాణానికి వెళ్ళారు. అమ్మే అమ్మాయి ఆమెనే చూస్తూ, "మీరేం పని చేస్తారు మేడమ్?" అని అడిగింది.

"టైపింగే," అన్నాడు భర్త. "అయినా ఇది వాడేది నేను. పెద్ద తెరవి చూపించండి."

నల్లటి పెద్ద పలకలాంటిదాని ముందు అతను స్థిరపడ్డాడు. అంకెల మీద అతని వేళ్ళు అప్పుడే నాట్యం మొదలుపెట్టాయి. ఆమె బల్ల చివరికి నడిచింది. అక్కడే ఉంది. తన కోసమే ఆగినట్టు, మూసుకుని. గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందంటే, అది తెర కింద రాయాల్సిన చప్పుడే. మూత ఎత్తి, కళ్ళు మూసుకుని, ఒక వాక్యం కొట్టింది. అదే చప్పుడు. భుజం నిటారుగా ఉంది, చేతులు ఒళ్ళో పెట్టుకున్నంత సూటిగా ఉన్నాయి. పోగుచేసుకున్న కారణాలన్నీ గుర్తొచ్చాయి. ఒక్కటీ చెప్పబుద్ధి కాలేదు.

"ఇది ఇవ్వండి," అంది.

భర్త వచ్చాడు. దాన్ని అటూ ఇటూ తిప్పాడు. అలవాటుగా కుడిచేతి వేళ్ళు అంకెల కోసం వెళ్ళి, అంచు దాటి, బల్ల మీద పడ్డాయి. "అంకెలేవీ?" అన్నాడు.

"లేవండీ," అంది ఆమె.

"తెర కూడా ఇంతేనా? ఇది నాకెలా పనికొస్తుంది?" కోపంతో అనలేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు. ఆ అడగడం విన్నాక ఆమె లోపల ఇన్నాళ్ళుగా ఇరుక్కున్నదేదో పైకి లేచింది.

"మీకు పనికిరాదు," అంది నెమ్మదిగా. "నాకు నచ్చింది."

అతను ఏదో అనబోయాడు. అమ్మే అమ్మాయి అప్పటికే కొత్త పెట్టె తేవడానికి లోపలికి పరిగెత్తింది.

ఇంటికి వెళ్ళే దారిలో అతను రోడ్డునే చూస్తూ బండి నడిపాడు. పెట్టె ఆమె ఒళ్ళో ఉంది. వెనక సీట్లోంచి కూతురు ముందుకు వంగి, తల్లి భుజం మీద గడ్డం ఆనించింది.

"చెవులపిల్లీ, అది పాతదైపోయాక నాకిస్తావా?"

"ఇవ్వను," అంది ఆమె, కూతురి చెంప నిమురుతూ. "నీకు నచ్చింది నువ్వు కొనుక్కుందువుగాని."