మామగారి తొట్టిలో కలుపు పువ్వు

పళ్ళ డాక్టరుకు పెళ్ళయి పన్నెండేళ్ళయింది. ఇన్నేళ్ళలో మామగారు అతని ఎదుట తినడానికీ మాట్లాడడానికీ తప్ప నోరు తెరిచింది లేదు. కింది వాటాలో మామగారు, పై వాటాలో వీళ్ళు. అయినా పన్ను నొప్పెడితే, నీళ్ళ సరఫరా ఇంజనీరుగా రిటైరైన ఆ పెద్దమనిషి బుగ్గన లవంగం పెట్టుకుని, రెండు బస్సులు మారి, ఊరి చివర ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళేవారు. ఇదేం చోద్యమని కూతురు అడిగితే, "అల్లుడికి నోరు అప్పగించాక ఇంక ఆయన ముందు మనం మాట్లాడేదేముంటుంది" అనేవారు. వినడానికి హాస్యమే గానీ పళ్ళ డాక్టరుకు అది లోపలెక్కడో గుచ్చుకునేది. ఊరంతా నమ్మిన చేతిని సొంత మామగారు నమ్మకపోతే ఎలా ఉంటుంది మరి?

అలాంటి మామగారు మూడు వారాలు చెల్లెలి ఇంటికి వెళుతూ, వేరే దారి లేక, తన ఉప్పునీళ్ళ అక్వేరియం అతనికి అప్పగించారు. అందులో ఒక ఊదారంగు పగడం ఉంది. గోరంత ముక్క తెచ్చి తొమ్మిదేళ్ళు సాకితే అరచేయంత అయింది. అది ప్రాణమున్న జీవమనీ, నీళ్ళు కాస్త తేడా చేసినా అలుగుతుందనీ గంటసేపు చెప్పి, "జాగ్రత్త డాక్టరుగారూ" అని బస్సెక్కారు. అల్లుడుగారూ అనే పిలుపు ఆయన నోట ఏనాడూ రాలేదు.

నాలుగో రోజు పగడం పక్కన రాయి మీద గోధుమరంగు పువ్వులాంటిది ఒకటి కనిపించింది. సన్నటి తీగలు చాచి ఊగుతోంది. ఆ తీగ తగిలినచోట పగడం తెల్లబడుతోంది. తెలిసినవాళ్ళను ఒక్క మాట అడిగితే సరిపోయేది. కానీ పళ్ళ డాక్టరు ఆలోచన ఎటు పోతుంది? క్లినిక్ నుంచి పటకారు తెచ్చి పీకేశాడు. అడుగున మిగిలింది గీకి, రాయి తళతళలాడేలా చేసి, వేరు కూడా వదల్లేదని భార్యకు చూపించుకున్నాడు.

నాలుగైదు రోజులు తిరిగేసరికి పదిహేడు మొలిచాయి. పట్టుదలగా పదిహేడూ పీకాడు. నలభై రెండయ్యాయి. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే.

"మీరు పీకిన పళ్ళు కూడా ఇలాగే మొలిస్తే మన క్లినిక్‌కి ఎప్పుడో తాళం పడేది" అంది భార్య.

అప్పటికి సిగ్గు విడిచి అక్వేరియం షాపతనికి ఫోన్ చేశాడు. అతను కాసేపు నవ్వుకున్నాకే మాట్లాడాడు.

"అది ఎనిమోన్ అండీ, చూడ్డానికి పువ్వేగానీ నోరున్న జీవి, తొట్టిలో కలుపు లాంటిది. పీకితే ప్రతి ముక్కా మళ్ళీ ఓ మొక్కవుతుంది. సన్నటి సూదితో దాని నోట్లో నిమ్మరసం ఎక్కించాలి. బెదిరితే ముడుచుకుపోతుంది, కాబట్టి నోరు తెరిచి ఉన్నప్పుడే, దానికి తెలియకుండా గుచ్చాలి. రోజుకు ఆరుకు మించొద్దు, నీళ్ళు తట్టుకోలేవు."

పళ్ళ డాక్టరుకు ప్రాణం లేచివచ్చింది. బెదిరే నోట్లో తెలియకుండా సూది గుచ్చడం ఇరవై ఏళ్ళుగా అతను తింటున్న అన్నం. నలభై రెంటికి ఏడు రోజులు కావాలి. మామగారు రావడానికి ఎనిమిది రోజులుంది.

రోజూ పొద్దున్నే పంపు ఆపి, ముక్కాలిపీట మీద కూర్చుని మొదలుపెట్టేవాడు. ముందు కాస్త మేత చూపించి నోరు తెరిపించడం, "ఏం కాదు, చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అనడం, గుచ్చడం.

"దానికి కూడా చెప్పాలా?" అంది భార్య.

"చెప్పకపోతే నాకు చెయ్యి కదలదు."

ఏడో రోజు ఆఖరిది మిగిలింది. అది పగడాన్ని ఆనుకునే ఉంది. నిమ్మరసం ఒక్క చుక్క పక్కకు జారినా తొమ్మిదేళ్ళ పెంపకం కాలిపోతుంది. మోచేతిదాకా నీళ్ళలో ముంచి, "అలాగే తెరిచి ఉంచండి, అయిపోయింది" అంటుండగా వెనక ఎవరో దగ్గారు.

గుమ్మంలో మామగారు. ఒకరోజు ముందే వచ్చేశారు. చేతిలో సంచీ, బుగ్గన లవంగం.

పళ్ళ డాక్టరుకు గుండె జారింది గానీ చెయ్యి జారలేదు. చుక్క చుక్కగా ఎక్కించి, సూది తీశాడు. పువ్వు తనలోకి తానే ముడుచుకుపోయింది. పగడం ఉలకలేదు.

"తప్పు నాదే మామయ్యగారూ. ఒకటుంటే పీకి నలభై రెండు చేశాను" అన్నాడు తల దించుకుని.

మామగారు కళ్ళజోడు పెట్టుకుని పగడం మీది తెల్లమచ్చను చాలాసేపు చూశారు. తిట్లు పడతాయని అల్లుడు కాచుకుని ఉన్నాడు.

"సూది గుచ్చినట్టు దానికి తెలిసిందంటారా?" అని అడిగారు మామగారు.

"తెలియలేదండీ. తెలిస్తే ముందే ముడుచుకునేది."

మామగారు సంచీ కింద పెట్టారు. లవంగం తీసి కిటికీలోంచి పారేశారు. ముక్కాలిపీట వెలుతురులోకి జరుపుకుని కూర్చున్నారు.

"ఎడమవైపు, వెనకది. చూడండి అల్లుడుగారూ" అని నోరు తెరవబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగారు. "పీకడం మాత్రం వద్దు."

ఆ తర్వాత పూర్తిగా తెరిచారు.