సోమప్ప నేసిన కావిగుడ్డ

ఏడో తరగతి సోషల్‌లో బుద్ధుడి పాఠం వచ్చిందంటే నాకు ఏటా ఒళ్లు మండుతుంది. అష్టాంగ మార్గం చెప్పమంటే పిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు గడగడా చెప్పేస్తారు. కోరిక అంటే ఏమిటని అడిగితే ఫ్యాను వంక చూస్తారు. ఈసారి ఆదోని బయట కొత్తగా బుద్ధ విహారం కట్టారని తెలియగానే హెడ్మాస్టరు ప్రాణం తోడేసి, ఎమ్మిగనూరులో ఆటోలు మాట్లాడాను.

"గుడికి ఒట్టి చేతుల్తో యాడ పోతారు టీచర్?" అన్నాడు ఉమేర్. వాడు దర్గాకైనా పూలు లేకుండా పోడు. తలా ఒకటి తెస్తామన్నారు. మహేశ్వరి మాత్రం, "మా నాయన సామికి గుడ్డ నేసిస్తాడు" అంది.

వాళ్ల నాన్న సోమప్ప చీరలు నేస్తాడు. మగ్గం మీది పడుగు అయిపోగానే కావిరంగు నూలు ఎక్కించి, భిక్షువుకని పెద్ద గుడ్డ నేశాడు. బయలుదేరే పొద్దున తనే మోసుకొచ్చి కూతురి ఒళ్లో పెట్టాడు.

"ఒక్క పోగు తెగకుండా నేసినా టీచరమ్మా. యాడా అతుకు లేదు. పాపా, సామి చేతికిచ్చేదాంక నలగనీయొద్దు. ఆయన ఏమన్నాడో సాయంత్రం వచ్చి సెప్పల్ల నాకు."

దారంతా మహేశ్వరి ఆ గుడ్డను పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుంది. పక్కనున్న ధీరజ్‌ను మోచెయ్యి కూడా ఆనించనివ్వలేదు.

విహారంలో ఉండే భిక్షువును అందరూ భంతే అంటారు. ఆ చుట్టుపక్కల మనిషే. ధీరజ్ వాళ్లది మంత్రాలయంలో గుడి సేవ చేసే కుటుంబం. వాడు లోపలికి అడుగుపెట్టగానే టెంకాయ తీసి, కొట్టే రాయి కోసం నాలుగు మూలలూ వెతికాడు.

"ఈడ టెంకాయ కొట్టేది లేదప్పా. ఆడ పెట్టు, చట్నీకి పనికొస్తాది" అన్నారు భంతే. పిల్లలు పగలబడి నవ్వారు. నేను కళ్లెర్రజేసినా లాభం లేకపోయింది, భంతే కూడా నవ్వుతున్నారు మరి.

మహేశ్వరి ముందుకు వెళ్లి గుడ్డ ఇచ్చింది. భంతే అంచు వెంట వేలితో నిమిరి, "బలే నేసినాడు తల్లీ మీ నాయన" అన్నారు. మహేశ్వరి నా వైపు గర్వంగా చూసింది. ఇంతలో ఆయన కత్తెర తెమ్మన్నారు.

"కత్తెర ఎందుకు సామీ?"

"ముక్కలు సేయల్ల గదా. భిక్షువు నిండు గుడ్డ కట్టుకోకూడదు. దాని మీద దొంగకు ఆశ పుడతాది. నాకూ పుడతాది." తన ఒంటి మీది కుట్లు చూపించారు. "కౌతాళం పక్క వరి మళ్లు సూసినారా? మడి, గట్టు, మడి, గట్టు. అట్లాంటివే సూపించి ఇట్ల కుట్టుకోమన్నాడంట బుద్ధుడు."

మహేశ్వరి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఒద్దు సామీ. నాయన పోగు తెగకుండా నేసినాడు. ఇంటికి పోయి ఏం సెప్పల్ల నేను?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఇదేం పద్ధతి భంతే? మీకు వేరే గుడ్డ నేను కొనిస్తాను" అన్నాను. ఆయన కత్తెర కింద పెట్టారు. "పాప ఒద్దంటే ఒద్దు టీచర్. తీసుకపో తల్లీ. నేనేమీ అనుకోను."

మహేశ్వరి గుడ్డను గుండెకు హత్తుకుని రెండడుగులు వేసి ఆగిపోయింది. "తీసుకపోతే సామి ఒద్దన్నాడనుకుంటాడు నాయన" అని గొణిగింది. వెనక్కి వచ్చి గుడ్డ పరిచి, "కత్తిరించుకోండి" అంటూ కళ్లు మూసుకుంది.

కత్తెర కరకరలాడింది. ఆ పిల్ల ఒక కన్ను తెరిచింది. తర్వాత రెండోది.

"అయ్యో! అట్ల కాదు సామీ! గట్టు వంకర పోతాంది!"

ఆయన చేతిలోంచి కత్తెర లాక్కుంది. గోటితో ఒక పోగు పట్టి మెల్లగా లాగింది. పోగు వచ్చేసిన చోట గుడ్డ మీద పాపిడి తీసినట్టు సన్నటి గీత పడింది. ఆ గీత వెంబడే కత్తిరించింది, వెంట్రుకవాసి తేడా రాలేదు. ఇక చూడాలి సంబరం! తరగతంతా చుట్టూ చేరి పోగులు లాగడం మొదలుపెట్టింది. "ఇది మడి", "ఇది గట్టు" అని ఒకటే అరుపులు. కన్నీళ్లు ఆరకముందే మహేశ్వరి అందరినీ అదిలిస్తోంది. కోరిక గురించి ఆ రోజు నేను ఒక్క ముక్క మాట్లాడలేదు. నాకు కడుపు నిండిపోయింది.

సాయంత్రం ఆటో దిగేసరికి సోమప్ప బడి గేటు దగ్గరే ఉన్నాడు.

"ఏమన్నాడు పాపా సామి?"

"బలే నేసినాడన్నాడు." మహేశ్వరి భుజం మీది సంచి సర్దుకుంది. "ఆ మాట అన్నాక గుడ్డను ముక్కలు సేయల్లన్నాడు. నేనే కత్తిరించినా నాయనా."

సోమప్ప మొహం వాడిపోయింది. నేను భంతే చెప్పిందంతా చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. కూతురి వైపు తిరిగాడు.

"పోగు లాగి కత్తిరించినావా, అందాజుగా కత్తిరించినావా?"

"పోగు లాగే నాయనా."

"అట్లయితే సరేలే" అన్నాడు సోమప్ప. పిల్ల సంచి తీసి తన భుజాన వేసుకున్నాడు.